అదంటే నాకు పడదు

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. వాన వెలిసి పావుగంట దాటింది. గాలి లేదు, ఎండ ఇంకా రాలేదు, ఆకాశమంతా ఒకే మందాన పరుచుకున్న బూడిదరంగు మబ్బు. గాలి ఇంత తడిగా, ఇంత నిశ్చలంగా ఉన్న వేళ ఏ వాసనా తొందరగా చెదిరిపోదు. అందువల్లే తైలాల కొట్టు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. అందువల్లే, లోపలికి వస్తున్న బైండరమ్మను, ఆ కొట్టు నడిపే ఆమె వదిన ముందు ముక్కుతో గుర్తుపట్టింది, తరువాతే కళ్ళతో చూసింది.

బైండరమ్మను మనం పోయిన వారం భాగంలో ఒక నడవలో, ఓరగా మూసిన తలుపు ముందు నిలబెట్టి వచ్చాం. పుస్తకాల బైండింగు పనిలోనే నలభై నాలుగేళ్ళ వయసుకు చేరి, తొలిసారి పెళ్ళికి ఒప్పుకున్న మనిషి ఆమె. వరుడు కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన. భార్య పోయి ఆరేళ్ళయింది. పదమూడేళ్ళ కూతురుంది, సన్నగా ఉండి ఒకచోట కుదురుగా కూర్చోదు కనుక అందరూ పిచ్చుక అంటారు. ఆ రోజు బైండరమ్మ, పిచ్చుక నిఘంటువు చిరిగిపోతే దానికి కొత్త అట్టలు వేసి వాళ్ళింటికి తీసుకువెళ్ళింది. లోపల అద్దాల అంచులు అరగదీసే యంత్రం చెవులు మూసేసే మోతతో తిరుగుతూ ఉంది. హఠాత్తుగా ఆగింది. ఆగిన క్షణాన పిల్ల గొంతు స్పష్టంగా వినిపించింది: “అదంటే నాకు పడదు నాన్నా. అది ఇంట్లోకొస్తే నేనుండలేను.”

బైండరమ్మ నిఘంటువును చెప్పుల స్టాండు మీద పెట్టి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. ఈ ఉదయం మాత్రం కళ్ళజోళ్ళాయనకు ఫోను చేసి, “నేను రాలేనండి. కారణం మాత్రం అడగకండి” అని చెప్పింది. ఆయన అడగలేదు. “సరేనండి” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన ఎంతసేపు తీసుకున్నాడో ఆమె గమనించింది గాని, ఆ వ్యవధికి అర్థం వెతికే ధైర్యం చేయలేదు.

ఇప్పుడు ఆమె చేతిసంచీలోంచి ఒక ముదురు గోధుమరంగు సీసా తీసి వదిన ముందు బల్ల మీద పెట్టింది.

“ఇదిగో వదినా, నీ నూనె.”

వదిన సీసాను వెలుతురుకెత్తి చూసింది. “సగం వాడేసి తిరిగిస్తున్నావా! మరదలివి కదా, నోరు మూసుకుంటాననుకున్నావా?”

“ఇంట్లో పెట్టుకోలేను. అందుకని తెచ్చా.”

“కొత్త పెళ్ళికూతురివి. సరిగ్గా ఇప్పుడే కదా పెట్టుకోవాల్సింది?”

“పెళ్ళి లేదు.”

వదిన సీసా దించింది. ఈమె బైండరమ్మ అన్నగారి భార్య; ఇంట్లో మిగతా అందరూ పెద్ద గొంతుతో మాట్లాడుకునేటప్పుడు మరదలి చిన్న గొంతును వినడం అలవాటైన మనిషి. ఆమె ముందు స్టూలు జరిపింది, తరువాత అడిగింది. బైండరమ్మ కూర్చుని, విన్నదంతా చెప్పింది. చెప్పడానికి ఎక్కువ సమయం పట్టలేదు, ఎందుకంటే ఉన్నవి రెండు వాక్యాలే.

“నిన్నా? ‘అది’ అందా, ఆ పిల్ల?”

“నా చెవులతో విన్నా.”

“మీ అన్నయ్య ఫోన్లో వాళ్ళ స్నేహితులతో ఇరవై ఏళ్ళుగా నన్ను అంటున్నది అదే. ‘అది ఇంకా కొట్టు కట్టి రాలేదురా’ అని. నేనేమన్నా కాపురం మానేశానా?”

“అన్నయ్య అంటే నువ్వు తిరిగి అంటావు. ఆ పిల్లని నేనేమంటాను వదినా? తల్లి లేని పిల్ల. తన ఇల్లు. నేను పోయి దూరి, దాన్ని ఉండలేకుండా చెయ్యనా?”

   వదిన సీసాను అరలో పెట్టబోయి, మళ్ళీ బల్ల మీదే దించి, వీధివైపు చూసింది.

గుమ్మంలో ఒక అమ్మాయి, చూరు చుక్కలకు పట్టిన గొడుగు ముడుస్తూ ఉంది. వీపున బడి సంచీ, మోకాళ్ళదాకా చిందిన బురద. గొడుగు మూసి తలెత్తి, స్టూలు మీద కూర్చున్న మనిషిని చూసి, గడప దాటకుండానే నిలబడిపోయింది. మరుక్షణం స్వెట్టరు చేతిని లాగి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

బైండరమ్మ ఆ చెయ్యినే చూసింది. చూసినదానికి పెట్టుకోవలసిన అర్థం ఆమె మనసులో మొన్ననే సిద్ధమై ఉంది కనుక వేరే అర్థం కోసం వెతకలేదు. లేచి సంచీ భుజాన వేసుకుంది.

“మీరిక్కడున్నారా?” అంది పిచ్చుక, స్వెట్టరు లోంచే.

“వెళ్ళిపోతున్నానమ్మా. నీకిబ్బంది ఉండదులే.”

“మళ్ళీనా?”

“మళ్ళీ ఏంటి?”

“మొన్నా అంతేగా! డిక్షనరీ చెప్పుల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. నేను చూసి వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చా, తెలుసా? చెప్పుల్లేకుండా. మీరు లేరు. నాన్నేమో ‘ఆవిడకేదో పని గుర్తొచ్చి ఉంటుంది’ అన్నారు. పని గుర్తొస్తే బెల్లు కొట్టి ఇచ్చి వెళ్ళొచ్చుగా?”

“నువ్వన్నది విన్నాను.”

“నేనేమన్నా?”

బైండరమ్మకు ఆ మాటలు తన నోటితో తిరిగి అనడం చేతకాలేదు. వదినకు చేతనయింది. బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, పిల్ల కళ్ళలోకి చూస్తూ, “‘అదంటే నాకు పడదు, అది ఇంట్లోకొస్తే నేనుండలేను’ అన్నావట. ఎవరమ్మాయ్ ఆ ‘అది’?” అంది.

పిచ్చుక రెండో చెయ్యి చాపి బల్ల మీదికి చూపించింది.

“అదే.”

అక్కడున్నది గోధుమరంగు సీసా.

 

“మీరేమను...” అని మొదలుపెట్టిన పిచ్చుక, వాక్యం మధ్యలోనే సంగతి అర్థమై, చెవులదాకా ఎర్రబడింది. “అయ్యో! మిమ్మల్ని అన్నాననుకున్నారా? పెద్దవాళ్ళని ‘అది’ అంటానా నేను? మా నాన్న పక్కింటి పిల్లిని కూడా ‘మీరు’ అంటారు! ఆయన చేతిలో నేను బతికుంటానా?”

“మరి నువ్వన్నది...”

“అంతకు ముందు చాలా అన్నాను! ‘నాన్నా, ఆంటీ రాసుకునే నూనె వాసనకి నాకు తల పగిలిపోతోంది, ఆవిడకి చెప్తే బాధపడతారేమో, మనసులో పెట్టుకుంటారేమో, ఎలా చెప్పాలి’ అని. నాన్న ఆ మిషన్ ఆపరు కదా, అందుకని అరిచి అరిచి చెప్పా. అప్పుడాపారు. ఆపాక, ‘అదంటే నాకు పడదు’ అన్నా.”

జరిగింది ఇంతే. అయినా ఎలా జరిగిందో చెప్పుకోవడం అవసరం. మన భాషలో ‘అది’ అన్న మాట ఒక సీసాకు చెల్లుతుంది, మర్యాద తీసేసి చెప్పిన ఆడమనిషికీ చెల్లుతుంది. మగవాడికి చెల్లదు; బైండరమ్మ స్థానంలో మగవాడు నిలబడి ఉంటే ఆ వాక్యం తన గురించి కాదని గడప దగ్గరే తెలిసిపోయేది. ‘పడదు’ అన్నదీ అటువంటిదే. ఒంటికి సరిపోని మందుకూ, మనసుకు సరిపోని మనిషికీ అదే క్రియ. రెండు మాటలూ రెండువైపులా తెరుచుకునే తలుపులే. ఏవైపు తెరవాలో చెప్పే మొదటి సగాన్ని యంత్రం మింగేసింది. మిగిలిన సగాన్ని విన్నది, ఎవరింట్లోనైనా తాను అక్కర్లేనిదాన్నేమోనని జీవితమంతా అనుమానిస్తూ వచ్చిన మనిషి. కనుక తలుపు ఆమె భయపడినవైపే తెరుచుకుంది.

బైండరమ్మ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. కూర్చోవడంలో సంచీ భుజం మీంచి జారి కిందపడినా తీసుకోలేదు.

“చెప్పుల్లేకుండా పరిగెత్తావా?” అంది చివరికి. అంత జరిగాక ఆమెకు అడగాలనిపించింది అదే.

“ఆ మీ చెప్పుల స్టాండు దగ్గరే కదా తగలడింది డిక్షనరీ, చెప్పులు తొడుక్కునే రావచ్చుగా?” అంది వదిన.

“తోచలేదు,” అంది పిచ్చుక. ఇంకా గుమ్మంలోనే ఉంది. “ఆ సీసా లోపల పెడతారా? నిజంగా నొప్పొస్తుంది. ఇక్కడ మొదలవుతుంది,” అని కుడి కణత చూపించింది. “డాక్టరుకి చూపించాం. ఘాటు వాసనలకి దూరంగా ఉండమన్నారు.”

వదిన సీసాను గాజు తలుపుల బీరువాలో పెట్టి తాళం తిప్పి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. తరువాత మరదలివైపు తిరిగింది. ఆమెకు మొదటినుంచీ ఒక సందేహం నలుగుతూనే ఉంది.

“ఇది ఇలాంగ్ ఇలాంగ్ పువ్వు తైలం. పేరు పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. తలకెక్కే వాసనే, కాదనను. కానీ వీధివతల నుంచే తెలిసేలా ఎందుకుంది? రోజుకెన్ని చుక్కలు రాసుకుంటున్నావు?”

“చుక్కలేంటి? చేతిలో పోసుకుని రాసుకుంటా.”

“చేతిలో?”

“అరచేతిలో. చేతులకి, మెడకి. నూనె అన్నావుగా.”

వదిన నుదురు కొట్టుకుంది. “దేంట్లో కలిపి?”

“కలపాలా?”

“నా తల్లే! ఒక చెంచా బాదం నూనెలో రెండంటే రెండు చుక్కలు వెయ్యాలి. ఇది నేరుగా ఒంటికి రాసేది కాదు. గంపెడు పువ్వుల్ని మరిగిస్తే వచ్చే సారం, వేలెడు సీసాలో ఉంటుంది. చూపించు, చేతులు చూపించు.”

బైండరమ్మ చేతులు వెనక్కి తీసుకోబోయింది. వదిన పట్టుకుని రవిక చేతిని పైకి మడిచింది. మణికట్టునుంచి మోచేతిదాకా చర్మం ఎర్రగా పొక్కిపోయి ఉంది.

“జిగురు వల్లనుకున్నా,” అంది బైండరమ్మ. “కొత్త రకం జిగురు తెచ్చాలే ఈమధ్య.”

“పాతికేళ్ళుగా జిగురులో మునిగి తేలుతున్నదానివి, ఇప్పుడొచ్చిందా జిగురు వల్ల? తప్పు నాది. ఆ రోజు కొట్టునిండా జనం. సీసా చేతిలో పెట్టి ‘ఈ నూనె రాసుకో’ అన్నాను. మన ఇళ్ళల్లో నూనె అంటే ఎలా రాసుకుంటారో నాకు తెలీదూ? తైలం అని ఉంటే కనీసం మూత వాసన చూసి భయపడేదానివి.”

పిచ్చుక తెలియకుండానే గడప దాటి లోపలికి వచ్చి, ఆ చేతిని చూసి, “అంటే మీక్కూడా పడలేదు!” అంది.

ఆ గొంతులో జాలి ఉంది. జాలికంటే ఎక్కువగా, ఒంటరి బాధకు తోడు దొరికినప్పటి సంబరం ఉంది. బైండరమ్మ నవ్వింది. మొన్నటి తరువాత ఆమె నవ్వడం అదే మొదలు.

“ఆంటీ,” అంది పిచ్చుక.

“ఏంటమ్మా?” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“ఇలా కుదరదు,” అంది వదిన. “ఒక గదిలో ఇద్దరు ఆంటీలుంటే ఎవరికి పలకాలో తెలీక చస్తాం. నన్ను ‘అత్తా’ అను.”

బైండరమ్మ చప్పున తలెత్తి వదినను చూసింది. వదిన చాలా శ్రద్ధగా బల్ల తుడుస్తూ ఉంది. వరుసలకు లెక్క ఉంటుంది, ఆ లెక్క పిచ్చుకకు తెలియనిది కాదు. మేనమామ భార్య అత్త. మేనమామ అంటే తల్లికి సోదరుడు. ఈమె ఎవరికి వదినో ఆ మనిషి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. పిల్ల ఒకసారి ఆమెనూ ఒకసారి ఈమెనూ చూసింది. కూడికలు తీసివేతలు చేస్తున్నట్టు పెదవులు కదిలాయి. లెక్క తేలింది.

“సరే అత్తా,” అంది. “నేనసలు వచ్చింది మీ దగ్గరికే. నాకు తలనొప్పి తెప్పించని నూనె... తైలం ఏదైనా ఉంటే చెప్పండి. ఆంటీకిద్దామని.”

బైండరమ్మ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. చుట్టడం ఆగిపోయింది. “నాకేం వద్దులేమ్మా. మానేస్తే పోయె. నీకు పడనిది నాకెందుకు?”

“మానేసినా ఫర్వాలేదు,” అంది పిచ్చుక ఉదారంగా. “మీరేం రాసుకోకపోయినా నాకు ఫర్వాలేదు.”

విషయం అక్కడితో ముగిసిపోయి ఉండవచ్చు. చాలా ఇళ్ళలో అలాగే ముగుస్తుంది. ఒకరు మానేస్తారు, రెండోవారు ఉదారంగా ఒప్పుకుంటారు, మానేసినదాని సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఈసారి అలా ముగియకపోవడానికి కారణం, వదిన తుడుస్తున్న గుడ్డను ఆపి, “నీక్కావాలా, వద్దా? పిల్లకోసం కాదు, ఆయనకోసం కాదు. నీకు?” అని అడగడం.

 బైండరమ్మ పిల్లవైపు తిరిగి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“నిజం చెప్పనా? కావాలి. నేను ఇరవయ్యో ఏట బైండింగులో చేరా. అప్పట్నుంచీ నా ఒంటిమీదున్నదంతా పని వాసనే. మైదా జిగురు, పాత కాగితం, తోలు. బస్సులో పక్కనెవరన్నా కాస్త జరిగితే నా వల్లే అనుకుంటా. పుట్టి బుద్ధెరిగాక నాకోసం, ఒట్టి నాకోసం, కొనుక్కున్నది ఆ సీసా ఒక్కటే. రాసుకుని పడుకుంటే ఎవరో నన్ను పలకరించినట్టుండేది. అందుకే అరచేత్తో పోసుకున్నా. నాకు తెలిసి నేనేదీ అరచేత్తో పోసుకోలేదు ఇంతవరకు.”

 పిచ్చుక బడి సంచీ దించి, గుమ్మం పక్కన గాలి తగిలేచోట పీట వేసుకుని కూర్చుంది.

“అయితే వెతుకుదాం. మీకు నచ్చాలి, నాకు పడాలి. అత్తా, మొదలుపెట్టండి.”

“ఆర్డరు వేస్తోంది చూశావా! ఇప్పట్నుంచే,” అంది వదిన.

ఆమె సన్నటి కాగితపు పట్టీలు తీసింది. ఒక్కొక్క పట్టీ చివర ఒక్క చుక్క. వెంటనే కాదు, తడి ఆరాక వాసన చూడాలి, ఎందుకంటే మొదట వచ్చేది పరిచయం మాత్రమే, ఒంటిమీద నిలిచేది తరువాత వస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, దూరంగా ఊపి గాలిలో పట్టుకోవాలి. మూడో నాలుగో చూసేసరికి ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు బయటి గాలి పీల్చి, మన చొక్కా చేతిని మనమే వాసన చూసుకోవాలి. కణత కాస్త లాగినట్టనిపించినా ఆపేయాలి.

లావెండర్.

“ఆస్పత్రి దుప్పటి,” అంది పిచ్చుక.

“లోకమంతా ప్రాణం పెట్టే తైలమే అది! నిమ్మగడ్డి?”

“నేల తుడిచినట్టుంది.”

“ఇది చూడు, జెరానియం.”

“ఎవరో ముసలావిడ బీరువా తెరిచినట్టు.”

“ముసలావిడంటే నావైపు చూస్తావేం?” అంది వదిన. “ఇలా అయితే నా సరుకంతా ఈ పిల్ల తీసి పారేస్తుంది. ఇది నారింజ తొక్క. ఇది కూడా బాగోలేదన్నావంటే బయటికి గెంటేస్తా.”

“ఇది బాగుంది!”

“నాకూ బాగుంది,” అంది బైండరమ్మ ఆశగా.

“బాగుంటుంది. కానీ నీ బల్ల కిటికీ పక్కన. తొక్కలు పిండి తీసిన తైలాల్లో కొన్ని రాసుకుని ఎండలో కూర్చుంటే చర్మం కాలిపోతుంది. నారింజది అంత ప్రమాదం కాదంటారు గానీ, ఈ పొక్కులు మానకుండా నేను నీకు ఆ జాతి జోలికి పోనివ్వను. తరవాత చూద్దాం.”

వట్టివేరు దగ్గర వాళ్ళిద్దరికీ మొదటి అభిప్రాయభేదం వచ్చింది. పిచ్చుకకు బాగుంది. బైండరమ్మ మొహం చిట్లించి, తడిసిన గోనెసంచిలా ఉందని తేల్చింది. పిచ్చుక నచ్చజెప్పబోయింది. బైండరమ్మ ఒక క్షణం తటపటాయించింది. ఒప్పేసుకుంటుందేమోనని వదిన ఊపిరి బిగబట్టింది. “లేదమ్మా, నాకు నచ్చలేదు,” అంది బైండరమ్మ, తన మాటకు తానే ఆశ్చర్యపోతూ. పిచ్చుక భుజాలెగరేసి, “సరే, పక్కన పెట్టండత్తా” అంది. ఆకాశమేమీ విరిగి పడలేదు.

ఆ తరువాతి పట్టీ తీసేటప్పుడు వదిన పేరు చెప్పలేదు.

పిచ్చుక గాలిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ పట్టుకుంది. “కొత్త పెన్సిల్ చెక్కినప్పుడు పొట్టు వస్తుందే, అలా.”

బైండరమ్మ చేతిలోకి తీసుకుంది. ఆమెకు పెన్సిల్ గుర్తు రాలేదు. పెట్టెలు చేసే ఒక వడ్రంగి పనిగది గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాన పడితే బడినుంచి వస్తూ ఆ గుమ్మంలో నిలబడేది. ఎవరూ పొమ్మనేవారు కాదు. ఇది ఆమె చెప్పలేదు. “ఇది,” అంది అంతే.

“దేవదారు,” అంది వదిన. “నెమ్మది వాసన. తొందరగా పోదు, మీదికి రాదు. కానీ ఇద్దరూ వినండి. ముక్కుకి నచ్చడం వేరు, పడటం వేరు. ముందు ఈ పొక్కులు మానాలి. ఎడమ మోచేతి లోపలివైపు చర్మం బాగానే ఉంది. చెంచాడు బాదం నూనెలో ఒక్క చుక్క కలిపి, అందులోంచి కాస్త తీసి అక్కడ రాస్తా. రేపు ఈపాటిదాకా తడపకు. ఎర్రబడినా, దురదపెట్టినా కడిగేసి నాకు చెప్పు. మింగడాలు, కళ్ళకి తగిలించుకోడాలు లేవు. అది నీ పరీక్ష.” పిచ్చుకవైపు తిరిగింది. “నీ పరీక్ష వేరే. ఇక్కడ తలుపులు తీసున్నాయి, తెలీదు. మామూలు గదిలో, ఇది రాసుకున్న మనిషి పక్కన, రెండు మూడు గంటలు కూర్చోవాలి. నొప్పి రాకపోతే పడినట్టు.”

“బైండింగు గదిలో కూర్చోవచ్చా?” అని పిచ్చుక బైండరమ్మను అడిగింది. “నాకు హోంవర్క్ ఉంది. మీరు కుట్లు వేసుకోండి, నేను లెక్కలు చేసుకుంటా. మాట్లాడను.”

“మాట్లాడొచ్చులే.”

“అయితే మాట్లాడతా. నాన్నకి ఫోన్ చేసి చెప్పనా?”

వదిన అప్పటికి బైండరమ్మ మోచేతి మీద నూనె అద్దుతూ ఉంది. ఆ చెయ్యి బిగుసుకోవడం ఆమె వేళ్ళకు తెలిసింది.

“ఆగమ్మా,” అంది బైండరమ్మ. “నీకొకటి చెప్పాలి. పొద్దున మీ నాన్నగారికి ఫోన్ చేశాను. రానని చెప్పేశాను.”

పిచ్చుక ఫోను చేతిలో పట్టుకునే ఉండిపోయింది. “ఎందుకని అడగలేదా?”

“అడగొద్దన్నాను.”

“అడగొద్దంటే అడగరాయన! అదే ఆయన జబ్బు.”  ఫోనులో అంకెలు నొక్కి, మోగుతూ ఉండగానే బైండరమ్మ చేతిలో పెట్టింది. “మీరన్నదేగా. మీరే చెప్పండి.” తరువాత, వినకూడదన్న మర్యాద తండ్రి నేర్పినదే కనుక, దేవదారు పట్టీ తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి వీధివైపు తిరిగి నిలబడింది.

అవతల యంత్రం మోత వినిపించింది. ఆగింది.

“నేనండి.”

“చెప్పండి.”

“పొద్దున నేనన్న మాట... దాన్ని లేనట్టనుకుంటారా? ఒక మాట సగమే విన్నానండి. సగంతో అర్థం చేసుకున్నాను. తప్పు నాదే.”

ఉదయం ‘సరేనండి’కి ముందున్నంత వ్యవధే మళ్ళీ గడిచింది. ఈసారి ఆమె దాన్ని భయపడకుండా విన్నది. అందులో ఆయన ఊపిరి వినిపించింది.

“అంటే వస్తారా?”

“వస్తానండి.”

“నేను...” ఆయన ఆగాడు. ఏనాడూ వాక్యం మధ్యలో ఆగే మనిషి కాదు. “మీరు కారణం అడగొద్దన్నారు. మీ కారణం మీకుంటుందనుకున్నాను. మధ్యాహ్నం ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ వచ్చారు. సంతకం పెట్టేశానండి.”

కంపెనీ సంగతి ఆమెకు తెలుసు. అద్దాలు తయారుచేసే ఒక కంపెనీ, సముద్రానికవతలనున్న తన కార్ఖానాలో అయిదేళ్ళు పనిచేయమని ఆయనను అడుగుతూ ఉంది. కుటుంబానికి అక్కడ వసతి లేదు. పెళ్ళి కుదిరింది కనుక ఆయన రెండుసార్లు కాదన్నాడు. ఈ రోజు కాదనడానికి ఆయన దగ్గర కారణమేమీ మిగలలేదు. ఆ కారణాన్ని ఉదయం తీసుకుపోయింది ఆమే.

“మరి పిచ్చుక?” అంది, గొంతు తగ్గించి.

“హాస్టల్లో సీటుకి మాట్లాడాను. వచ్చేవారం చేరాలి. తనకింకా చెప్పలేదండి.”

వదిన ఆమె ముఖం చూసి అద్దుతున్న చెయ్యి ఆపింది. గుమ్మంలో పిచ్చుక కాగితపు పట్టీని మరోసారి గాలిలో ఊపి, వెనక్కి తిరిగి, కణత మీద వేలితో తట్టి చూపించింది, నొప్పి లేదని. “ఏమన్నారు?” అని పెదవులతో అడిగింది.

వాళ్ళ పెళ్ళి జరిగింది. అది ఆరేళ్ళ తరువాతి మాట; అయిదేళ్ళయ్యాక కంపెనీ ఆయనను ఇంకో ఏడాది ఆపుకుంది. ఆ ఆరేళ్ళూ పిచ్చుక బైండరమ్మ దగ్గరే ఉంది, ఒక్క రాత్రి కూడా హాస్టల్లో పడుకోలేదు.